ఎడమ జబ్బ

కొర్లగుంటలో నా వంతుకి నలభై ఒక్క ఇల్లు.
మెడలో కార్డు, చంకలో ఫారాలు,
నోట్లో పొద్దున్నించీ ఒకటే మాట:
"ఎడమ జబ్బ ఒకసారి చూపించండన్నా."

దేనికమ్మే, అంటారు.
బిడ్డప్పుడు పొడిచిన క్షయ టీకా
ఇన్నేండ్లు జబ్బలో నిద్రపోయి
కరోనా వచ్చినప్పుడు లేచిందా లేదా
పెద్దాసుపత్రిలో లెక్క కడతా ఉండారన్నా.
మచ్చ ఉంటే ఒకటి, లేకుంటే సున్న.
ఆక్సిజన్ ఎన్ని దినాలు.
ఇంటికి నడిచొచ్చినారా, మోసుకొచ్చినారా.
దాని పక్కన ఇంకో గడి ఉండాది.
దాన్ని వాళ్ల ముందర పెన్సిల్‌తో నింపి
వీధి మలుపులో పెన్నుతో దిద్దుతా.

తొందరలో ఒక ఫారం మీద "ఎడమ జబ్బు" అని రాసినా.
సూపర్‌వైజరు ఎర్రసిరాతో చుట్టినాడు.
జబ్బకీ జబ్బుకీ కొమ్మొకటే తేడా సార్,
ఆ తేడా ఎంతో కనుక్కునేదానికే కదా తిరుగుతా ఉండాం అంటే
నవ్వలేదు.

ముసలి కన్నెమ్మ ముంజేయి చాపింది,
రూపాయి బిళ్లంత మచ్చ.
అది అమ్మవారి టీకా అవ్వా, ఇది వేరే.
"సూది సూదే కదమ్మే, రాసుకో" అనింది.
రాయలేదు. అలిగి మజ్జిగ ఇయ్యలేదు.
ఆటో మునిశేఖర్ జబ్బ మీద పెండ్లాం పేరు పచ్చబొట్టు.
ఆయన, నేను, ఆ కాంచన, ముగ్గురం తడిమి చూస్తే
మచ్చ సరిగ్గా ఆమె పేరులోని సున్నలో ఉండాది.
ఒకటి అని రాసినా.

ఇరవై ఆరో ఇల్లు కుప్పమ్మది.
ఇద్దరు కొడుకులు, ఒకే చాప, ఒకే చెంబు.
చిన్నోడు దామోదరం అడగకముందే చొక్కా చేయి మడిచినాడు.
నున్నటి జబ్బ. టీకా దినం ఒళ్లు కాలతా ఉండిందంట,
మళ్లీ తీసకపోలేదంట.
కరోనాకి రెండు దినాలు దగ్గి, మిరియాల చారు తాగి, లేచినాడు.

పెద్దోడు చెంగల్రాయుడు.
కొండ మీద గుండ్లు గీసేవాడు,
దినానికి నూరు తలకాయలు, నూరు ఊపిర్లు.
తొమ్మిది దినాలు ఆక్సిజన్.
పెన్సిల్ తీసినా.

"మనిషే లేడు, మచ్చ యాడ చూస్తావు?"
కుప్పమ్మ గోడ మీది ఫొటో దించింది.
గంగమ్మ జాతర, బైరాగి వేషం,
ఒళ్లంతా సుద్ద, చెయ్యెత్తి నిలబడుండాడు.
ఎడమ జబ్బ మీద కందిబేడంత చోట
సుద్ద నిలవలేదు.
ఆమె వేలు వెతుక్కోకుండా దాని మీదే పడింది.

ఒకటి.

"మచ్చ ఉన్నోడు పాయె, లేనోడు ఉండాడు.
మీ లెక్క ఏమంటాదమ్మే?"
డాక్టరమ్మ మాకు నేర్పిన జవాబు ఉండాది:
ఇద్దరితో లెక్క కాదు, నాలుగు వేల మంది కావాల,
మచ్చ పడని టీకాలూ ఉంటాయి
(నా జబ్బ మీదా లేదు, పుత్తూరులో పొడిపించినానని
మా అమ్మ ఒట్టేస్తాది),
ఆయనకి షుగరుందో ఏమో, ఎంత గాలి పీల్చినాడో.
అన్నీ నిజాలే.
ఫొటో ఆమె ఒళ్లో ఉండంగా
ఒక్కటీ నోట్లోకి రాలేదు.

"తేలినాక ఒక మాట చెప్పిపో" అనింది,
కొంగుతో అద్దం తుడిచి మేకుకి తగిలిస్తా.

రెండేండ్లాయె.
కొందరు ఉండాదంటారు, కొందరు లేదంటారు,
ఇంకా తేలలేదు.
కొర్లగుంట మీద పోవాల్సొస్తే
ఇరవై ఆరో ఇంటి వీధి తప్పించి
చుట్టు తిరిగి పోతా ఉండా.