రెండు కొట్టివేతలు

లింగస్వామి సార్ ఇచ్చిన కాగితంల
ఏడు గళ్లున్నయి.
ఎన్.ఎస్.ఎస్. గంటలు నూట ఇరవై,
ఎక్కడ చేస్తవో నువ్వే టిక్కు పెట్టుకో అన్నడు.
"మనసుకు నచ్చింది కాదు పిల్లా,
నువ్వు దేనికి పనికొస్తవో చూస్కో."

నేను ముందుగాల చూసింది బస్సు టైము.
నాంపల్లి ఆఖరు బస్సు ఐదున్నరకు.
అది దాటినంక సేవ చేస్తే
మా నాయిన బండికి పెట్రోలు ఎవరు పొయ్యాలె?
అట్ల పోయింది రాత్రిబడి గడి.

మొక్కలు నాటుడు జహెదా తీసుకుంది.
ఫోటోలు మంచిగొస్తయని చెప్పింది, అబద్ధమాడదు ఆమె.
పోయినేడు పానగల్లు రోడ్డు పొంట
మేం నాటిన కానుగలు ఎన్ని బతికినయో
లెక్కపెట్టే గడి మాత్రం
ఆ కాగితంల లేదు.

రక్తదాన శిబిరానికి టిక్కు పెట్టిన.
మొదటి సంచి నిండకముందే
కండ్లు తిరిగి బిస్కెట్ల డబ్బ మీద పడ్డ.
రక్తమిచ్చెటోళ్లే లేచి నాకు గాలి విసిరిన్రు.
కొట్టేసిన.

అంగన్‌వాడీల ఆరు రోజులున్న.
పిల్లలు నన్ను ఇష్టపడ్డరు.
నేనే, నిజం చెప్పాలంటె, అరిచిన.
ఏడో రోజు ఒక పోరి
నా గొంతుతోని తన బొమ్మను గదమాయిస్తుంటె
గడప కాడ నిలబడి విన్న.
కొట్టేసిన. ఈసారి గీత లోతుగ పడ్డది.

సేవకు మంచితనం చాలనుకున్న.
మంచితనం ఎవరికి లేదు?
బస్సుల ఇంత జరిగి చోటిచ్చే ప్రతి అవ్వకున్నది.
నాకున్నదల్లా
పదిమంది చదవగలిగే రాత,
ఓపిక లేని నోరు,
లైన్ల ఎవరెనక ఎవరొచ్చిన్రో మర్చిపోని కండ్లు.
సార్ నవ్విండు: "గీ మాట చెప్పెటందుకు నెల పట్టిందా?"
పెద్ద దవఖానల సదరం క్యాంపుకు నా పేరు రాసిండు.

అక్కడ నాకు కుర్చీ లేదు, అట్ట ఉన్నది.
అట్టకు క్లిప్పు, క్లిప్పుకు దరఖాస్తు.
పేరు, ఊరు, మండలం, ఆధారు.
మర్రిగూడ దిక్కెల్లి, చండూరు దిక్కెల్లి
కోడి కూయకముందు బయలెల్లిన మనుషులు
గోడ పట్టుకొని వరుసల.

ఈదయ్య తాత వంతొచ్చింది.
బోరునీళ్లు తాగి తాగి
నడుము సగానికి మడిచిన దుప్పటయ్యింది.
నా మొఖం చూడాలంటె
మెడ ఒక్కటే లేస్తె చాలదు,
మనిషంత పక్కకు తిరగాలె.
నేనే కింద కూసున్న.

ఎత్తు అనే గడి కాడ పెన్ను ఆగింది.
గోడకు స్కేలు గీసి ఉన్నది,
గోడకు ఆనే వీపు ఆయనకు లేదు.
ఉన్నకాడికి కొలవాల్నా,
వంగిందంత కలిపి కొలవాల్నా?
సార్‌కు ఫోన్ చేస్తె ఎత్తలే.

"రాయి బిడ్డా, ఐదడుగుల ఏడు.
పోలీసు సెలక్షన్లకు పోయిన్నాడు కొలిచిన్రు.
ఛాతిల తప్పిచ్చిన్రు గని
ఎత్తుల కాదు."

క్లర్కు ఇప్పటిది రాయమంటడు.
తాత అప్పటిది రాయమంటడు.
వెనక ఇంక ముప్పై నాలుగు మంది.
రెండూ రాసిన,
ఒక్క గడిల పట్టేటట్టు, చిన్న అక్షరాల్ల.

లోపట ఒప్పుకున్నరో లేదో ఇప్పటికీ తెల్వదు.
ఐదుంబావుకు అట్ట అప్పజెప్పి
బస్టాండుకు ఉరికిన.
సీటు దొరకలే.
నిలబడే పోయిన, నాంపల్లి దాక.