పేరు పెట్టని సీసాలు

నేను అచ్చు వేసేవాణ్ణి. బీరు తాగను, కడుపులో పుండు.
అయినా ఈ డెర్వెంట్ లోయలో
ఏ సీసాకి ఏ కాగితమో
చీకట్లో తడిమి చెప్పగలను.

పోయిన మార్చిలో, హాప్స్ కోతల వారం,
వేళ్ళకి పచ్చటి జిగురుతో వచ్చింది ట్రెగెంజా.
"కుంటి గుర్రం," అంది. "నల్ల బీరు. నాలుగు వేల లేబుళ్ళు."
ఆ గుర్రాన్ని నేనెరుగుదును.
ముందరి ఎడమ కాలు ఈడ్చుకుంటూ
ఆమె మొదటి పీపాలు సంతకి మోసింది.
దాని అసలు పేరు మేబెల్.

కొండకి ఆ పక్క లాన్సెస్టన్‌లో
పదకొండు రోజుల ముందే
వీడెమన్ అనే అతను
అదే పేరుకి రుసుము కట్టి రసీదు పుచ్చుకున్నాడు.
అతనికి గుర్రం లేదు.
తాత నడిపిన సారాకొట్టు మీద ఓ తుప్పు రేకు ఉండేదట,
మూడు కాళ్ళ బొమ్మ;
నాలుగోది ఎవడో తాగి తుపాకీతో పేల్చేశాడు.
అదీ అబద్ధం కాదు.

లాయరు ఉత్తరం ఎంత మర్యాదగా ఉందో!
"ప్రియమైన" అని మొదలై
"పద్నాలుగు రోజుల్లోగా" అని ముగిసింది.
"నాలుక ఉన్నవాడెవడైనా పొరబడతాడా?
అతనిది గోధుమ, నాది మాడ్చిన బార్లీ!"
కోర్టుకి నాలుక ఉండదమ్మా, అన్నాను,
కళ్ళే ఉంటాయి.

ఒకటి మాత్రం చెప్పలేదు.
వీడెమన్ లేబుళ్ళూ నా మిషను మీదే అచ్చయ్యాయి.
ఆమె ఆర్డరిచ్చిన రోజున
అతని సిరా ఇంకా ఆరలేదు.
రెండు బేరాలు, రెండు బిల్లులు,
నోరు మూసుకున్నాను.

ఆ పాపానికే కాబోలు, రాత్రి సాయం వెళ్ళాను.
వేడినీళ్ళ తొట్టిలో సోడా పొడి,
సీసా తరవాత సీసా.
కాగితం ముందు ఉబ్బుతుంది,
తరవాత చర్మంలా జారుతుంది.
రెండింటికి ఆమె ఒకటి మూత తీసి
నాకూ పోసింది. పుండుని పక్కన పెట్టి తాగాను.

"ఎలా ఉంది?"
"పేరు పెట్టడానికి లేదు."
అని, నాలుక కరుచుకున్నాను.
ఆమె నవ్వింది అనుకుంటా. ఆవిరిలో సరిగ్గా కనపడలేదు.

తెల్లారేసరికి తూము నిండింది.
నానిన గుర్రాలన్నీ అడ్డం పడితే
పుల్లతో పొడిచి తీశాం.

సోమవారం వీడెమన్ ఫోను చేశాడు,
ఇంకో అయిదు వేలు కావాలని.
"అదే పేరా?" అన్నాను, తెలిసే.
"అదే."
మిషను వేడెక్కడానికి పావుగంట పడుతుంది.
ఆ పావుగంటా
వేళ్ళ సందుల్లో సోడా వాసన చూసుకుంటూ
కూచున్నాను.