ఎదురు మర

సూపర్‌మార్కెట్లో పాలపొడి డబ్బాల పక్కన కొన్నాను దీన్ని.
పేరుకి కొండలెక్కే సైకిల్.
మూడు చలికాలాలు చేపల ఫ్యాక్టరీకి పోయొచ్చి
తొక్కిన ప్రతిసారీ టక్, టక్.
మోకాలిదో దానిదో
పుంతా అరేనాస్ గాలిలో తేలేది కాదు.

వంటింటి నేలమీద పాత పేపరు పరిచాను.
ఎడమ క్రాంకు చేత్తోనే ఊడొచ్చింది,
నలుచదరపు బెజ్జం అరిగి గుండ్రమై.
కుడివైపు కప్పు మాత్రం
రెంచికి గొట్టం తొడిగి వేలాడినా
కదల్లేదు.

"అటు కాదు నెలిదా,"
మాతే గ్లాసు దించకుండానే అన్నాడు మేడమీది ఒయార్సో,
"ఆ పక్కది ఎదురు మర.
బిగించేవైపు తిప్పితేనే వదులుతుంది."

అంటే గంటసేపట్నుంచీ
బిగిస్తూ కూచున్నాను.

మూలిగి, వదిలింది.
చెంచాడు తుప్పునీళ్లు,
మిరియాల్లా నాలుగు గుండ్లు,
ఏ ఒడ్డుదో ఇసుక.

కొత్త ఇరుసు, కొత్త క్రాంకులు:
సైకిల్ ధరలో సగం.
గ్రీజు పూసి
మొదటి మూడు చుట్లు వేళ్లతోనే తిప్పాను,
మర మరని గుర్తుపట్టేదాకా.

చీకటుండగానే షిఫ్టుకి బయల్దేరాను,
జలసంధి వెంట, ఎదురుగాలిలో.
చెవి కిందికే ఉంది.

టక్.

ఒక్కటే.
ఇది నాది.