రోలు బరువు

నా ఉద్యోగం ఒక రాయి.
ఆరిలోవ కొండ మొదట్లో చేతికెత్తుకుంటాను,
ట్యాంకరు వెనక చక్రం పక్కనే నడుస్తాను.
బండి ఆగిందా, చక్రం కింద పెట్టాలి.
అంతే పని. రోజుకి నాలుగు వందలు.
రాయి పెట్టని రోజుకీ నాలుగు వందలే,
అదే మంచి రోజు.

అసిరయ్య ఇంజను మాటని చెవితో వినడు,
సీటులోంచి నడుముతో వింటాడు.
ముప్ఫై ఐదు గుర్రాలంటుంది కాగితం.
పద్మనాభం మళ్లల్లో దమ్ము చేసి చేసి
ఎన్ని ముసలివయ్యాయో, ఎన్ని మిగిలాయో
ఆయనకే లెక్క.
"గుర్రాలు పరిగెడతాయిరా గుంటడా,
లాగేది బరువు.
చక్రం నేలని కరిచి పట్టుకోకపోతే
నూరు గుర్రాలున్నా అక్కడే దుమ్ము."

కొండ కిందే గేరు వేసుకోవాలి.
లో ఫస్ట్.
టీకొట్టు దగ్గర, నేల ఇంకా చదునుగా ఉన్నప్పుడే,
వెనకాల ఆటోలు హారన్లు కొడుతున్నా సరే.
ఎక్కుతూ మార్చుకుందామనుకున్నవాడి సంగతి
మలుపులో కూలిన ప్రహరీ చెబుతుంది:
క్లచ్చి తొక్కిన ఆ ఒక్క క్షణం
ఇంజనుకీ చక్రాలకీ చుట్టరికం ఉండదు.
నాలుగు వేల లీటర్లు అప్పుడు
ఎవరి మాటా వినవు.

నిరుడు వేసవి దాకా ఇలా జరిగేది:
మొదటి వీధిలో సగం పట్టేసేవాళ్లు.
మిగతా సగంతో పై వీధికి పోదామంటే
అసిరయ్య దిగి బీడీ ముట్టించేవాడు.
"నిండు ట్యాంకు ఎక్కుతాది. ఖాళీది ఎక్కుతాది.
సగం ట్యాంకుని నమ్మకు.
నీళ్లు ఎనక్కి పరిగెడతాయి,
ట్యాంకరు ముక్కు లెగుస్తాది,
మన ఎనక చక్రాలు తేలిపోతాయి."

ఒక రోజు దేముడమ్మ పై వీధి నుంచి దిగొచ్చింది,
రెండు వందల మెట్లు, చంకలో ఖాళీ బిందె.
కేకలెయ్యలేదు.
"నిండుది ఎక్కుతాదన్నావు గదా.
నిండుగానే మాకాడికి తే.
దిగొస్తా ఈళ్లకి పొయ్యి."

అసిరయ్య బీడీ చివరిదాకా కాల్చాడు.
ఆఖరి వాలు ఆయనకి తెలుసు.
అంత బరువు అక్కడ లాగితే
ట్రాక్టరు మోర పైకెత్తుతుంది.
ముందు బరువు కావాలి.
షోరూములో ఇనప దిమ్మలున్నాయి. వాటికి ధరా ఉంది.

వరాలమ్మ, మొదటి వీధిలో
ఎప్పుడూ ముందు బిందె పెట్టే మనిషి,
ఇంట్లోకెళ్లి, ఇద్దరు కొడుకుల చేత
రుబ్బురోలు దొర్లించుకొచ్చింది.
"మిక్సీ వచ్చినకాడి నుంచి దీనికి పని నేదు. కట్టుకో."
తర్వాత ఇంకో ఇల్లు. ఇంకో రోలు, పొత్రం లేనిది.
గొలుసులతో బంపరుకి బిగించాం.
పిన్ను ఒక కన్నం కిందకి దించాడు అసిరయ్య,
లాగుడు ఎంత కిందుంటే అంత క్షేమమని.

ఆ రోజు ఎక్కిన తీరు చెప్పాలి.
మనిషి నడకకన్నా నెమ్మది.
ఓ మేక మమ్మల్ని దాటి పోయింది.
నల్లటి పొగ. ఇంజను గొంతు దిగి, దిగి,
ఇక ఆగిపోతుందనుకున్నచోట
ఆగలేదు, లెక్కపెట్టడం మొదలెట్టింది:
ఒక దెబ్బ.
ఒక దెబ్బ.
ఒక దెబ్బ.
ముందు చక్రాలు అరంగుళం లేచి
రోళ్ల బరువుకి మళ్లీ కూర్చున్నాయి.
నా చేతుల్లో రాయికి చెమట పట్టింది,
లేదా చేతులకేనేమో.

పైన దేముడమ్మ గొట్టం పట్టుకుంది.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
బిందెల వరసలో చిన్న తగువు.
రేడియేటరు మరిగితే అసిరయ్య చెంబుడు నీళ్లు పోశాడు,
సగం చిందిపోయాయి.
కింద ముడసర్లోవ, కాసిన్ని నీళ్లు, బోలెడు ఎండ.

దిగేటప్పుడూ లో ఫస్టే.
"న్యూట్రల్లో జారితే డీజిలు మిగుల్తాది,
మనం మిగలం" అన్నాడు.
ఇంజను బండిని లాగడం మానేసి
పట్టుకోవడం మొదలెట్టింది.

మొదటి వీధిలో వరాలమ్మ కాచుకుని ఉంది,
ఈసారి వరసలో ఆఖరున.
రోలు గుంటలో చిందిన నీళ్లు.
వేలు ముంచి వాసన చూసింది.
"మినప్పిండి వాసన పోనాది" అంది,
పోయి బిందె పెట్టుకుంది.