ఎత్తన పేరు

మొగిలి ఘాటు దిగేసరికి ఇంకా తెల్లారలేదు.
గోనెపట్టలో చుట్టిన మచ్చుకత్తుల మీద నేను,
నా మీద చెల్లెలు,
చెల్లెలి మీద చలి.

ఆ ఏడు మా శెనక్కాయ చేను
పొయ్యిలోకి కంపగా కూడా పనికిరాలేదు.
నాయన దాన్ని గొర్లకు వదిలేసినాడు.
ఇంటికి తాళమేసి, చెవి ఎవురికియ్యాలో తెలీక
మొలతాడుకు కట్టుకున్నాడు.
లారీ కుదుపుకల్లా అది గలగలమనేది.

బంగారుపాళ్యం దాటినాక, కాలవ గట్టు మీద
అప్పటికే పద్నాలుగు నీలం పట్టలు.
ఒక్కో పట్ట కిందినుంచీ తలలు లేచినాయి.
ఎవురూ పలకరించలేదు.

నిన్నటి దాకా టన్ను చెరుకు కొడితే మూడొందల ఇరవై.
మా లారీ ఆగిన చప్పుడుకే
మేస్త్రీ గుణశేఖర్ నోట్లో అది రెండొందల డెబ్బై అయింది.
ఆ యాభై ఏ పొయ్యిల్లోనించి పోయిందో
ఆ పొయ్యిల ముందరే మేం దిగాల.

"దరిద్రాన్ని లారీకెత్తుకోని వచ్చినారు"
అన్నాడొక ముసలాయన, మాకు వినపడాలనే.
నాయన మూట దించకుండా నిలబడినాడు.
అమ్మ దించింది.

అప్పుడొచ్చింది పొన్నమ్మాళ్.
గుడియాత్తం మనిషి. ముక్కుకు రెండుపక్కలా పుడకలు,
చంకలో సొట్టలు పడిన దబర.
"ఎత్తన పేరు?" అనింది.

నాయన తలగుడ్డ తీసి చేతబట్టుకోని
స్టేషన్లో చెప్పినట్టు చెప్పినాడు:
"పెద్ద ఓబులేసు. తండ్రి ఓబన్న. ఊరు నల్లచెరువు."

పొన్నమ్మాళ్ నవ్వింది, వక్కాకు ఎరుపంతా కనపడేట్టు.
మా తలల మీద వేలు ఆడించింది:
ఒణ్ణు, రెండు, మూణు, నాలు.
అంజు దగ్గర వేలు ఆగి అరచెయ్యయింది.
చెల్లెలి నుదురు కాలిపోతా ఉంది.

ఐదు గరిటెల అంబలి పోసింది.
వాళ్ళ గిన్నెలు నాలుగూ ఆ పొద్దు సగానికే నిండినాయని
నేను చూసినా.
చూడనట్టు తాగినా.

ఆమేం దేవత కాదు.
వారం తిరక్కముందే బోరు కాడ బిందె కోసం
అమ్మతో జుట్లు పట్టుకునింది.
మూడ్రోజులు మాటల్లేవు.
జొరం తిరగబెట్టిన రాత్రి మాత్రం వచ్చి
ఎండిన చెరకాకు ఇంతింత మంటలోకి వేస్తా
తెల్లార్లూ అమ్మ పక్కన కూర్చునింది.
అప్పుడూ మాటల్లేవు.

గానుగ కాడ కొప్పెర గీరిన బెల్లం
ఆకులో పెట్టి చెల్లెలి చేతికిచ్చింది
ఆ ముసలాయనే,
మొహం కాలవ పక్కకు తిప్పుకోని.

మరుసటేడు మేమే ముందొచ్చినాం.
పట్ట కట్టి, మూడు రాళ్ళు ఏరుకోని,
బతిమాలీ పోట్లాడీ రేటు మూడొందల నలభైకి తెచ్చినాం.
నాలుగో రోజు తెల్లారుజామున
ఘాటు మలుపులో లారీ లైట్లు.

నాయన బూతు తిట్టినాడు.
అమ్మ కూడా తిట్టింది, నేను విన్నా.
తిడతానే లేచింది.
తిడతానే పొయ్యి ఊదింది.
బూడిద కళ్ళల్లో పడితే దాన్నీ తిట్టింది.

దిగినోళ్ళు ఒరిస్సా వాళ్ళు.
భుజాన బిడ్డతో ముందర నిలబడిన మనిషిని
అమ్మ తెలుగులో అడగొచ్చు,
అడిగినా అర్థం కాదనుకునిందేమో,
లేకుంటే అట్టాటి చోట అడిగే మాట అదేననుకునిందేమో,
"ఎత్తన పేరు?" అనింది.

ఆ మనిషి బిడ్డను కిందికి దించి
రెండు చేతులూ జోడించి
పేరు చెప్పినాడు. తండ్రి పేరు. ఊరి పేరు.

అమ్మ అప్పటికే
వేలు ఆడిస్తా ఉంది.