రెండో తెర

కుతాయిసి ఒపేరాలో ముప్ఫై ఒక్క ఏళ్ళు
తెరలు కుట్టాను.
ఎర్ర మఖ్మలు, నలుగురు పట్టందే కదలనిది.
ఇప్పుడీ బల్ల మీద
ఉల్లిపొరంత నల్లగుడ్డ,
ఆవగింజంత జిగురు.
పని అదే కదా అంటాడు ఓటియా.
అతనికేం, కూర్చుని చెబుతాడు.

కెమెరాలు విప్పే చేతులు అతనివి.
రెండు కళ్ళలో శుక్లాలు ముదిరాక
చేతులు మిగిలాయి, వాటికీ వణుకు.
డాక్టరు వసంతంలో రమ్మన్నాడు.
అందాకా నా కళ్ళు, అతని చెవులు.

రాచా కొండల నుంచి ఇరోది తెచ్చాడీ జోర్కీని,
ఉన్ని టోపీలో చుట్టి, పక్కన తేనె సీసాతో.
కూతురి పెళ్ళిలో ఆగిపోయిందట.
అల్మారాలో దూరి తలుపేసుకుని
పాత కోట్ల మధ్య, కలరా ఉండల వాసనలో
తడుముకుంటూ ఫిల్ము తీశాను.
కడిగితే తొమ్మిది బొమ్మలు.
పదోది మొత్తం మసి.
లోపలికొచ్చిన వెలుతురు
పొమ్మనేవాళ్ళు లేక అక్కడే కూర్చుంది.
ఫోన్ చేసి చెప్పాను భయంభయంగా.
"పదోదాంట్లో మా వియ్యంకుడు తాగి పాడుతున్నాడు,
పోతే పోనీ" అన్నాడు ఇరోది.

మొదటి తెర పరిగెత్తి వెలుగుని పిలుస్తుంది,
వెనకే రెండోది వచ్చి తలుపు మూయాలి.
ఊడింది ఆ రెండోదే.
అరవై ఏళ్ళ నాటి జిగురు
పాకం ముదిరినట్టు గాజైపోయింది,
గోటితో గీకితే పెళుసుగా రాలుతోంది.

ఇలాంటిది చూశాను నేను.
కరెంటు లేని ఒక చలికాలం, కిరోసిన్ దీపాలతో ఆట.
ఆఖరి అంకంలో తెర సగంలో బిగుసుకుంది.
చచ్చిన రాజు ఎంతసేపని చచ్చి ఉంటాడు?
తుమ్మాడు.
లేచి, అంగీ దులుపుకుని,
జనానికో దండం పెట్టి నడిచి వెళ్ళిపోయాడు.
నిచ్చెన మీద నేను, పళ్ళ మధ్య సూది,
నవ్వలేక, సూది మింగలేక,
తాడు పట్టుకుని వేలాడాను.

మొదటిసారి వంకరగా అంటించాను.
అర మిల్లీమీటరు.
దీపం గుడ్డిదని తిట్టాను.
మీట నొక్కగానే "విప్పు" అన్నాడు ఓటియా.
వంకర తెరకి పరుగులో ఒక ఈడ్పు ఉంటుందట,
కాలు బెణికిన కోడిలాగ.
"దీపానిది కాదు తప్పు, నీ తొందరది."
ఒక మాట అందామనుకుని
స్పిరిటు సీసా మూత తీశాను.

మళ్ళీ గీకి, మళ్ళీ తుడిచి,
పట్టీలు రెండూ ఒక్క లాగుడుకి లాగి,
అంచుని డ్రమ్ము మీది గీతకి ఆనించి,
బట్టల క్లిప్పు పెట్టి రాత్రంతా వదిలేశాను.
నిద్రలో కూడా ఊపిరి నెమ్మదిగా తీశాననుకుంటా,
అది కదులుతుందేమోనని.

పొద్దున బల్బుకి అడ్డం పెట్టి చూశాను.
సూది మొనంత వెలుగైనా కారడం లేదు.
నేను స్ప్రింగు తిప్పుతుంటే
తల పక్కకి వాల్చి వింటున్నాడు,
పుచ్చకాయ తట్టి చూసే బేరగాడిలా.
"ఇంకో పావు చుట్టు."
నొక్కాను.
"ఊహూఁ. కొంచెం వెనక్కి."
నొక్కాను.
ఏమీ అనలేదు. టీ గ్లాసు అందుకున్నాడు.
అంటే సరిపోయినట్టే.

ఇక ఫోకసు.
వెనక మూత తీసి, ఫిల్ము ఉండే చోట
ట్రేసింగు కాగితం ముక్క ఆనించి,
కిటికీ పక్కనున్న అతని వైపు తిప్పి
మీట నొక్కి పట్టుకున్నాను.
తపాలా బిళ్ళంత ఓటియా,
తలకిందులుగా.
టీ గ్లాసు పైకప్పుకి వేలాడుతోంది,
ఒక్క చుక్కా ఒలకడం లేదు.
వేలు తీస్తే రెండో తెర వస్తుంది.
తీయలేదు.

"పట్టేసిందా?" అన్నాడు, చప్పుడు రాక.
"లేదు."
"మరి?"
"గడ్డం గీసుకోలేదు నువ్వు."

వేలు తీశాను.
సరైన చప్పుడే. తల ఊపాడు.
చెంప తడుముకున్నాడు ఆ తర్వాత.