రెండేళ్ళ ఎనిమిది నెలల బకాయి

అబిడ్స్‌లో లిఫ్టు పనిచేయని మూడో అంతస్తు.
అజ్మతుల్లా సాబ్ నా పాస్‌పోర్టును
బియ్యంలో రాయి వెతికినట్టు తిరగేసి
"మేడమ్, మీకింకా ఉమర్ కాలే" అన్నారు.

ఎన్నాళ్ళయిందో నన్నెవరైనా ఆ మాటని.
పెళ్ళికి దాటిపోయిందన్నారు,
డిపార్ట్‌మెంటు పరీక్షకు దాటిపోయిందన్నారు,
మొన్న ఈతకొలను దగ్గర రసీదులు రాసే పిల్ల కూడా
"ఆంటీ, నేర్చుకునే బ్యాచ్ చిన్నోళ్ళకే" అంది.
ఇప్పుడొక దేశం
నేను ముసలిదాన్ని కావడానికి
రెండేళ్ళ ఎనిమిది నెలలు తక్కువ పడ్డానని
గుమ్మం దగ్గరే ఆపింది.

యాభై నిండితే రిటైర్మెంట్ వీసా.
బ్యాంకులో ఇంత చూపించు, ఏడాది ఉండు, మళ్ళీ రాయించుకో.
నలభై ఏడుకు ఆ గడి లేదు.

ఇరవై మూడేళ్ళు నీళ్ళ బోర్డులో
బకాయిల సెక్షన్.
బోరబండ నుంచి బార్కస్ దాకా
ఎవరి కుళాయి ఎన్ని నెలలు బాకీయో నోటికొచ్చు.
వాళ్ళకు నేను పంపిన కాగితాల భాషే
ఇవాళ నా పేరు మీద తిరిగొచ్చింది:
తమరు చెల్లించవలసిన వయసు
గడువులోగా...

"టూరిస్టు మీద పోండ్రి" అన్నారు సాబ్.
"రెండు నెలలుండి, సరిహద్దు దాటి, చాయ్ తాగి, మళ్ళ రాండ్రి.
శానమంది అట్లనే జేస్తున్నరు.
ఒకనాడు ఆపుతరు, అది వేరే సంగతి."
పదకొండు నెలల అగ్రిమెంట్ల మీద
ఆరు ఇళ్ళు మారినదాన్ని.
తల అడ్డంగా ఊపాను.

పెట్టుబడి గడిలో సున్నాలు లెక్కపెట్టి
ఇద్దరం నవ్వుకున్నాం.
డిపెండెంట్ గడి దగ్గర ఏమీ అనుకోలేదు.
ఆయన పేజీ తిప్పారు.

ఎందుకు పోవాలని అడిగితే గట్టి కారణం లేదు.
పోయిన డిసెంబర్లో ఎనిమిది రోజుల టూరు.
గుంపంతా బంగారు బుద్ధుడి ముందు ఫోటోలు దిగుతుంటే
నేను నది ఒడ్డున, నూడుల్స్ కొట్టు పైన
అద్దెకున్న గది చూశాను.
ఆకుపచ్చ తలుపు. లోపల మంచం, కుర్చీ.
ఒకటే కుర్చీ.
అక్కడ నన్నెవరూ నీళ్ళెప్పుడొస్తాయని అడగలేదు.
తిరిగొచ్చాక ఖైరతాబాద్ ఫ్లైఓవర్ మీద బస్సు ఆగినప్పుడల్లా
ఆ తలుపు కొంచెం తెరుచుకుంటోంది.

"చదువు వీసా ఒకటున్నది, గనీ..."
గనీ దగ్గర ఆయన నా జుట్టు వంక చూశారు.
"వాళ్ళ భాష నేర్వాలె. క్లాసు ఎగ్గొడితే క్యాన్సిల్.
తొంభై రోజులకోపారి ఎక్కడున్నరో చెప్పుకోవాలె."
చెప్పుకోవడం నాకు కొత్తా?
రోజుకు రెండుసార్లు మిషన్ మీద వేలు పెట్టి
ఉన్నానని ఒప్పించినదాన్ని.

చిక్కడపల్లి స్టూడియోలో
"చెవులు కనపడాలమ్మా" అని జుట్టు వెనక్కి తోయించాడు.
రంగందని మూడు వేళ్ళ వెడల్పు తెలుపు బయటపడింది.
"టచప్ చేసెయ్యనా?"
వద్దన్నాను.
ఆ దేశం లెక్కలో అది ఇంకా పచ్చి తెలుపు.

వృత్తి అన్నచోట
విద్యార్థిని అని రాసి
సిరా ఆరేదాకా చూశాను.

కోఠీలో నాలుగు గీతల కాపీ పుస్తకం కొన్నాను.
"పాప ఏ క్లాసమ్మా?"
"ఒకటి."

వాళ్ళ మొదటి అక్షరం క అట.
కోడి బొమ్మ చూపించి దిద్దిస్తారట.
కోడికి వాళ్ళ మాట కూడా కతోనే మొదలట.
రాత్రి వంటింటి గట్టు మీద
చిన్న ముక్కు, గుండ్రటి తల, తిన్నగా దిగే వీపు,
పేజీ నిండా కోళ్ళు.
పైన ట్యాంకు నిండి పొర్లుతోంది.
ఎవరో ఒకరు మోటారు కట్టేస్తారులే.